ప్రతిజ్ఞలో ఎక్కడా ‘నువ్వు’ లేదు: జెండా పండుగ జరిపే పెద్దలకు ఒక టీచర్ బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ, మునిసిపల్, పోలీసు అధికారులకు, హైస్కూళ్ళ హెచ్చెమ్‌లకు, ఆగస్టు 15న, జనవరి 26న బైక్ ర్యాలీలు తీసే యువజన సంఘాల తమ్ముళ్ళకు,

నమస్కారం.

నేను 32 ఏళ్ళు జిల్లా పరిషత్ బడుల్లో సాంఘిక శాస్త్రం చెప్పి 2024లో రిటైరయ్యాను. మొన్న ఆగస్టు 15న మా ఊళ్ళో జరిగిన రెండు సంగతుల మీద ఇప్పటికి రెండు అర్జీలు ఇచ్చాను. మొదటిదానికి నా ఫోన్‌కి ఒక నంబరు వచ్చింది. మూడు వారాల తర్వాత మీ సమస్య పరిష్కారమైందని ఇంకో మెసేజ్ వచ్చింది. ఈ మధ్యలో నాకెవరూ ఫోన్ చేయలేదు. ఆ రోజు దెబ్బతిన్న ఇద్దరు పిల్లల ఇళ్ళకూ ఎవరూ వెళ్ళలేదు. రెండో అర్జీ స్వయంగా ఒక అధికారి చేతికిచ్చాను. ఆయన మర్యాదగానే కూర్చోబెట్టారు, చదివారు. చదివి, "మేడం, ఇది దేశభక్తి వ్యవహారం, సెన్సిటివ్. ఇందులో వేలు పెడితే మనకే టెన్షన్" అని కాగితం పక్కన పెట్టారు.

ఆ మాట విన్నాక నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. దేశభక్తి గురించి నోరు విప్పడానికి ఒక అధికారే జంకితే, బజార్లో చిన్న కొట్టు పెట్టుకుని బతికే మనిషి ఎవరితో చెప్పుకోవాలి? అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను.

నేను జెండా పండుగ వద్దనే మనిషిని కాను. 32 ఏళ్ళలో 64 సార్లు జెండా వందనానికి నిలబడ్డాను. ముందురోజు సాయంత్రం జెండాను ఇస్త్రీ చేసి, మడతల మధ్య బంతిపూల రేకలు పోసి, ఒక్క గుంజుకు విప్పుకునేలా ముడి వేయడం మా బడిలో నా పనే. ముడి వదులైతే జెండా పైకి పోతుంటేనే విడిపోతుంది, బిగిస్తే పైన ఇరుక్కుంటుంది. పొద్దున ఆరింటికే వెళ్ళి రెండుసార్లు లాగి చూసుకునేదాన్ని. తాడు లాగగానే రేకలు పిల్లల తలల మీద రాలుతుంటే వాళ్ళ మొహాలు వెలిగేవి. ఆ వెలుగు పోకూడదనే ఈ ఉత్తరం.

ఆగస్టు 15న ఏం జరిగిందంటే

మా పట్టణంలోని ఒక హైస్కూల్లో జెండా వందనం 8 గంటలకని పిల్లలకు చెప్పారు. వరసలు కట్టాలి కాబట్టి 7 గంటలకే రమ్మన్నారు. ముఖ్య అతిథి వచ్చేసరికి 10:20 అయింది. దాదాపు 400 మంది పిల్లలు మూడు గంటలకు పైగా ఎండలో నిలబడ్డారు. టెంటు వేశారు, కానీ దాని కింద కుర్చీలన్నీ పెద్దలవి. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి 9:45 ప్రాంతంలో నిలబడ్డదల్లా ముందుకు పడిపోయింది. గడ్డం జెండా గద్దె అంచుకు తగిలి చీలింది. రెండు కుట్లు పడ్డాయి. వాళ్ళమ్మ తెల్లారక ముందే టిఫిన్ సెంటర్‌లో పనికి పోతుంది. వంద మందికి ఇడ్లీలు వేసే ఆ తల్లి కూతురు ఆ పొద్దున ఏమీ తినకుండా వచ్చింది, లేటవుతుందని భయపడి. నేను ఆసుపత్రికి వెళ్ళేసరికి ఆ పిల్ల తెల్ల యూనిఫాం మీద రక్తం మరకను అరచేత్తో మూసుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి మొదట అడిగిన మాట, "టీచర్, నేను పడిపోయినందుకు సార్ తిడతారా?"

అతిథి వచ్చాక గంటన్నర ప్రసంగాలు జరిగాయి. పిల్ల పడిపోయిన సంగతి మైకులో ఎవరూ అనలేదు. ఫొటోలు మాత్రం మధ్యాహ్నానికి వాట్సాప్ గ్రూపుల్లోకి వచ్చేశాయి.

రెండో సంగతి అదే రోజు పదకొండున్నరకు. ఆసుపత్రి నుంచి వస్తుంటే స్కూటీ పంక్చరైతే నాకు తెలిసిన మెకానిక్ షాపు దగ్గర ఆగాను. షాపాయన ముస్లిం. షట్టర్ పైన జెండా కట్టి ఉంది, పొద్దున తానే కట్టానని చెప్పాడు. ఆయన కొడుకు ఇంటర్ మొదటి సంవత్సరం, సెలవు కదా అని తండ్రికి సాయంగా నా బండి ట్యూబు నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు చూస్తున్నాడు. అప్పుడే ర్యాలీ వచ్చింది. నలభై బండ్లుంటాయి. ముందున్న నలుగురు ఆగి, ఆ అబ్బాయిని నినాదం ఇవ్వమన్నారు. ఇచ్చాడు. గట్టిగా ఇవ్వమన్నారు. లేచి నిలబడి ఇచ్చాడు. వినపడలేదన్నారు. మూడోసారి వాడి గొంతు చీలింది. ఒకతను ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు. నేను అడ్డం పోయి "ఇంక చాలు నాయనా" అన్నాను. వాళ్ళు నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. ఇదంతా జరుగుతున్నంతసేపూ తండ్రి చేతిలోని నూనె గుడ్డతో అవే వేళ్ళు మళ్ళీ మళ్ళీ తుడుచుకుంటూ నిలబడ్డాడు.

సాయంత్రానికి ఆ వీడియో కొందరి స్టేటస్‌లో ఉంది. కింద ‘నేర్పించాం’ అని రాశారు. ఆ అబ్బాయి పది రోజులు కాలేజీకి పోలేదు. పదకొండో రోజు నేను షాపుకు వెళితే తండ్రి నన్నొక ప్రశ్న అడిగాడు. "టీచర్, ఈ జెండా ఉంచాల్నా, తియ్యాల్నా? ఉంచితే భయానికి పెట్టుకున్నడంటరు. తీస్తే ఇంకోటంటరు. మీరే చెప్పుండ్రి." నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబు చెప్పాల్సినవాళ్ళు మీరు.

ఇంకొక విషయం దాచకుండా చెప్పాలి. బండి మీద ఉన్న ఆ నలుగురిలో ఇద్దరికి ఆరో తరగతిలో ప్రతిజ్ఞ నేర్పింది నేనే.

మనకు ఈ పండుగ ఇచ్చినవాళ్ళు

ప్రతిజ్ఞ అంటున్నాను కాబట్టి దాని సంగతి కొంచెం చెప్పనివ్వండి. దేశమంతా బడుల్లో పిల్లలు రోజూ చెప్పే ఆ పది వాక్యాలు రాసింది మన తెలుగువాడు, నల్గొండ జిల్లా అన్నెపర్తిలో పుట్టిన పైడిమర్రి వెంకట సుబ్బారావు. 1962లో, చైనాతో యుద్ధం వచ్చిన ఏడాది, విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా పనిచేస్తూ రాశారు. తెన్నేటి విశ్వనాథం చొరవతో అది అప్పటి విద్యామంత్రి పి.వి.జి.రాజు దాకా వెళ్ళింది. 1965 నుంచి బడుల్లో చెప్పించడం మొదలైంది. పాఠ్యపుస్తకం మొదటి పేజీలో ప్రతిజ్ఞ ఉండేది కానీ దాని కింద ఆయన పేరు చాలా ఏళ్ళు లేదు. 1988లో ఆయన పోయారు.

జెండా సంగతీ అంతే. కృష్ణా జిల్లా భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల దగ్గర గాంధీజీకి జెండా నమూనా ఇచ్చారు. దాని మీద ఎన్నో మార్పులు జరిగి, 1947 జూలై 22న రాజ్యాంగ సభ ఇప్పటి జెండాను ఆమోదించింది. 1963లో వెంకయ్య పేదరికంలోనే కన్నుమూశారు. వీళ్ళిద్దరూ దేశానికి ఇచ్చారు, తమకేమీ అడగలేదు. ఎదుటివాడి గొంతు ఎంత గట్టిగా ఉందో కొలవడానికి వాళ్ళు ఇవేవీ ఇవ్వలేదు.

ప్రతిజ్ఞను ఒకసారి మెల్లగా చదవండి. భారతదేశం ‘నా’ మాతృభూమి. భారతీయులందరూ ‘నా’ సహోదరులు. ‘నేను’ నా దేశాన్ని ప్రేమిస్తున్నాను. మొదటి నుంచి చివరి దాకా నేను, నా. ‘నువ్వు’ అన్న మాట ఎక్కడా లేదు. నువ్వు ప్రేమిస్తున్నావా లేదా అని ఎవరినీ నిలదీయదు. దేశ వారసత్వం నాకు గర్వకారణం అన్న వెంటనే, దీనికి అర్హత పొందడానికి సర్వదా కృషి చేస్తాను అంటుంది. గర్వపడితే సరిపోదు, ఆ గర్వానికి తగినవాడిని కావాలి అని పక్కవాక్యంలోనే చెప్పారు సుబ్బారావు గారు. ఇంకొంచెం కిందికి వస్తే, ప్రతివారితోనూ మర్యాదగా నడుచుకుంటాను అని ఉంది. ఆ వాక్యంలో మతం లేదు, కులం లేదు, ఎవరికీ మినహాయింపు లేదు.

దేశాభిమానం చేసే మేలు నేను కళ్ళారా చూసినదాన్ని. 2023 ఆగస్టు 23 సాయంత్రం, చంద్రయాన్-3 దిగే టైముకు మా బడిలో ప్రొజెక్టర్ పెట్టించాం. శ్రీహరికోట నుంచి వెళ్ళింది చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర నేలను తాకగానే పిల్లలు ఒకరినొకరు పట్టుకుని ఎగిరారు. ఎవరి పక్కన ఎవరున్నారో చూసుకోలేదు. మర్నాడు ఏడో తరగతి పిల్ల ఒకతి వచ్చి, ఇస్రోలో పని చేయాలంటే ఏ గ్రూపు తీసుకోవాలని అడిగింది. పోలియో చుక్కల రోజుల్లో ఎండనక వాననక ఇల్లిల్లూ తిరిగిన ఆశా, అంగన్‌వాడీ అమ్మల్ని చూశాను. 2014 మార్చిలో మన దేశానికి పోలియో లేదని సర్టిఫికెట్ వచ్చినప్పుడు, మా ఊరి అంగన్‌వాడీ టీచర్ అది తనకే వచ్చినట్టు చెప్పుకుంది. అది నిజంగా ఆమెకే వచ్చింది. 2020 జూన్ 15న గల్వాన్‌లో ప్రాణాలిచ్చిన 20 మందిలో సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు ఉన్నారు. ఆయన భౌతికకాయం వచ్చినప్పుడు దారి పొడవునా నిలబడిన జనంలో ఎవరూ ఎవరినీ నువ్వెందుకు ఏడవడం లేదని అడగలేదు. మా తమ్ముడు 17 ఏళ్ళు సైన్యంలో చేశాడు. వాడున్న పటాలంలో ఒకే గిన్నెలో తిన్నవాళ్ళ మాతృభాషలు లెక్కపెడితే పది దాటేవని చెబుతుంటాడు.

ఇంత బలం ఉన్న ప్రేమను మనం తప్పుదారిలో నడిపిస్తే ఎవరికి దెబ్బ తగులుతుందో ఇప్పుడు వరసగా చెబుతాను.

దెబ్బ ఎవరికి తగులుతోంది

1. పిల్లలకు. దేశం అంటే ఎండలో నిలబడటం, పెద్దవాళ్ళ కోసం ఎదురుచూడటం, పడిపోతే తిట్లు తినడం అని ఎనిమిదో తరగతిలోనే నేర్పితే, వాళ్ళు పెద్దయ్యాక దాన్ని ప్రేమిస్తారా, భయపడతారా? ఆ అమ్మాయి గడ్డం మీద మచ్చ ఉండిపోతుందని డాక్టర్ చెప్పారు. ప్రతి ఆగస్టు 15కు ఆమెకు గుర్తొచ్చేది ఏమిటో ఆలోచించండి.

2. పాడని, నినాదం ఇవ్వని, లేక ఇచ్చినా చాలదనిపించుకున్న మనిషికి. దీని మీద చట్టం స్పష్టంగా ఉంది. 1971 నాటి జాతీయ గౌరవ చట్టం జెండాను అవమానించడాన్ని, జాతీయ గీతం పాడుతుంటే కావాలని అడ్డుకోవడాన్ని శిక్షిస్తుంది. ఎవరైనా ఫలానా నినాదం ఇచ్చి తీరాలని అందులో లేదు. 1985లో కేరళలో ముగ్గురు పిల్లలను బడి నుంచి తీసేశారు. వాళ్ళు గీతం వచ్చినప్పుడు మర్యాదగా లేచి నిలబడేవారు, తమ మత విశ్వాసం వల్ల పాడేవారు కాదు. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు వాళ్ళను తిరిగి బడిలో చేర్చుకోమంది. ఆ తీర్పు రాసింది మన అనంతపురం జిల్లా నుంచి వెళ్ళిన జస్టిస్ ఓ.చిన్నప్పరెడ్డి. మన సంప్రదాయం సహనాన్ని నేర్పుతుంది, మన రాజ్యాంగం సహనాన్ని ఆచరిస్తుంది, దాన్ని పలచబరచొద్దని అందులో రాశారు. దాదాపు నలభై ఏళ్ళవుతోంది. నేను పనిచేసిన ఏ బడిలోనూ ఈ తీర్పు గురించి ఒక్క సర్క్యులర్ రాలేదు. సినిమా హాళ్ళ సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 2016 నవంబర్ 30న ప్రతి ఆటకు ముందు గీతం తప్పనిసరి అని సుప్రీంకోర్టు ఆదేశించింది, 2018 జనవరి 9న మళ్ళీ తానే ఆ తప్పనిసరిని తీసేసింది. ఆ ఆదేశం రాకముందే గోవాలో ఒక థియేటర్‌లో చక్రాల కుర్చీ మనిషిని, లేచి నిలబడలేదని వెనక నుంచి కొట్టారు. లేవలేని మనిషి ఆయన. కొట్టినవాళ్ళు తమను తాము దేశభక్తులనే అనుకుని ఉంటారు. నన్ను భయపెట్టేది అదే.

3. చిన్న వ్యాపారికి, కూలికి. హైదరాబాద్‌లో కరాచీ బేకరీ ఫ్రూట్ బిస్కెట్ తినని ఇల్లు తక్కువ. దేశ విభజన తర్వాత సింధ్ నుంచి వలస వచ్చిన ఖాన్‌చంద్ రామ్నానీ 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర పెట్టిన కొట్టు అది. పాకిస్తాన్‌లో ఉండలేక ఇండియాను ఎంచుకుని వచ్చిన మనిషి, పోగొట్టుకున్న ఊరి పేరు బోర్డు మీద పెట్టుకున్నారు. 2019 ఫిబ్రవరిలో, పుల్వామాలో 40 మంది జవాన్లు చనిపోయిన తర్వాత, బెంగళూరు శాఖ ముందు గుంపు చేరితే బోర్డు మీద ‘కరాచీ’ అన్న మాటకు గుడ్డ కప్పాల్సి వచ్చింది. 2025 మేలో శంషాబాద్ శాఖ మీద దాడి చేశారు, పోలీసులు కేసు పెట్టారు. మేము హైదరాబాద్‌లో పుట్టిన భారతీయ సంస్థే అని యజమానులు జెండాలు కట్టి మరీ చెప్పుకోవాల్సి వచ్చింది. లోపల ట్రేలు మోసే పిల్లలు, కౌంటర్‌లో ఉండేవాళ్ళు ఎవరనుకుంటున్నారు? మన తెలుగు పిల్లలే. అద్దాలు పగిలిన రోజు జీతం పోయేది వాళ్ళకే.

4. దుఃఖంలో ఉన్నవాళ్ళకు, బాధ్యతలో ఉన్నవాళ్ళకు. 2025 ఏప్రిల్ 22న కశ్మీర్‌లోని పహల్గామ్‌లో జరిగిన ఉగ్రదాడిలో, పెళ్ళయిన వారానికే భర్తను పోగొట్టుకున్న అమ్మాయి, ముస్లింల మీద, కశ్మీరీల మీద ద్వేషం వద్దు, మాకు న్యాయం కావాలి అంది. ఆ ఒక్క మాటకు ఆమెను సోషల్ మీడియాలో ఎంత నీచంగా తిట్టారో, జాతీయ మహిళా కమిషన్ ఖండించాల్సి వచ్చింది. మే 10న పాకిస్తాన్‌తో కాల్పుల విరమణ ప్రకటించిన విదేశాంగ కార్యదర్శినీ, ఆయన కూతురునీ వదల్లేదు. ఆయన తన ఖాతాకు తాళం వేసుకున్నారు. భర్తను కోల్పోయిన మనిషికన్నా తనకు దేశం మీద ఎక్కువ బాధ ఉందని అనుకునేవాడికి ఏం చెప్పాలి? నాకు ఆ కోపం ఇంకా తగ్గలేదు.

5. బయటి దేశాల్లో ఉన్న మన పిల్లలకు. 2017 ఫిబ్రవరి 22న అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం ఒలేతేలో ఒక తెలుగు ఇంజినీరును, మా దేశం నుంచి వెళ్ళిపొమ్మని అరుస్తూ ఒకతను కాల్చి చంపాడు. ఇంకో తెలుగబ్బాయి గాయపడ్డాడు. అడ్డుపడిన అమెరికన్‌కు కూడా తూటా తగిలింది. కాల్చినవాడూ తన దేశం మీద ప్రేమతోనే చేశాననుకున్నాడు, అడ్డుపడినవాడూ అదే దేశంవాడు. మన వీధిలో దాదాపు ప్రతి ఇంటి నుంచి ఒకరు అమెరికాలోనో, లండన్‌లోనో, గల్ఫ్‌లోనో ఉన్నారు. అక్కడ మన బిడ్డను ఎవరో ఆపి, నువ్వు ఈ దేశానికి విధేయుడివేనా, నిరూపించు అంటే మనకు ఎలా ఉంటుంది? మెకానిక్ షాపు ముందు జరిగింది అంతకంటే చిన్నదా?

6. జవాన్ల కుటుంబాలకు. మా తమ్ముడికి ప్రతి ఆగస్టు 15న శాలువా కప్పుతారు. వాడి దగ్గర 11 శాలువాలు ఉన్నాయి. ఒక చిన్న సర్టిఫికెట్ కోసం వాడు ఎనిమిది నెలలుగా ఒక ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాడు.

7. జెండాకే. 2021 డిసెంబర్ 30 దాకా మెషిన్ మీద చేసిన పాలిస్టర్ జెండాలకు జెండా నియమావళి ఒప్పుకునేది కాదు. ఆ రోజు సవరించారు. 2022లో ఇంటింటా జెండా కార్యక్రమానికి పోస్టాఫీసుల్లో 25 రూపాయలకే అమ్మారు. పేదవాడి ఇంటి మీదా జెండా ఎగిరింది, సంతోషమే. కానీ ప్రమాణాల ప్రకారం ఖాదీ జెండాలు కుట్టే కర్ణాటకలోని బెంగేరి ఆడవాళ్ళు పని పోతుందని రోడ్డెక్కారు. పండుగ అయ్యాక ఏమవుతోందో మా వీధికి వస్తే చూడొచ్చు. ఆగస్టు 18 పొద్దున మా సందు మురికి కాలువలోంచి సఫాయి పని చేసే అమ్మ ఒకామె కర్రతో ఒక జెండాను పైకి తీసింది. చెత్త బండిలో వేయలేదు. వీధి కొళాయి కింద పెట్టి, రెండుసార్లు పిండి, మా గోడ మీద ఆరేసింది. "ఏం జెయ్యాలె టీచరమ్మా దీన్ని?" అని అడిగింది. చిరిగిన జెండాను గౌరవంగా, గుట్టుగా, కాల్చడం మేలని నియమావళిలో ఉంది. అది ఆమెకు ఎవరూ చెప్పలేదు. చేతికి గ్లవుజులు కూడా ఎవరూ ఇవ్వలేదు.

మేము అడిగేది

అధికారులారా, వచ్చే జనవరి 26 లోపు ఈ పనులు చేయాలని కోరుతున్నాను. వీటిలో చాలావాటికి పెద్ద ఖర్చు కూడా లేదు.

1. బడిలో జెండా వందనం చెప్పిన టైముకే జరగాలి. ముఖ్య అతిథి రాకపోతే పది నిమిషాలు చూసి హెచ్చెమ్ జెండా ఎగరేయాలి. హెచ్చెమ్‌కు ఆ అధికారం ఉందని కాగితం మీద రాసివ్వండి, అప్పుడే వాళ్ళకు ధైర్యం వస్తుంది. కార్యక్రమం గంట దాటకూడదు. పిల్లలను కూర్చోబెట్టండి, టెంటు మొదట వాళ్ళకు వేయండి. వచ్చిన వెంటనే ఒక అరటిపండు, మంచినీళ్ళు ఇవ్వండి.

2. గడ్డం చీలిన అమ్మాయి వైద్యానికి ఆమె తల్లి 3,800 రూపాయలు అప్పు చేసింది. ఆ డబ్బు ఇప్పించండి. ఎవరో ఒకరు ఆ ఇంటికి వెళ్ళి ఆ పిల్లతో, తప్పు నీది కాదమ్మా అని చెప్పండి.

3. ర్యాలీకి అనుమతి ఇచ్చేటప్పుడు, దారిలో ఎవరినీ ఆపి నినాదం ఇప్పించకూడదని, బలవంతంగా తీసిన వీడియోలు పెట్టకూడదని షరతు రాయండి. అది తప్పిన సంఘానికి తర్వాతి ఏడాది అనుమతి ఇవ్వకండి. ఆ వీడియో ఇంకా తిరుగుతోంది. దాన్ని తీయించండి. ఆ నలుగురి మీద కేసు పెట్టి వాళ్ళ చదువు పాడుచేయమని నేను అడగడం లేదు, ఆ తండ్రీ అడగలేదు. వాళ్ళను ఆ షాపుకు తీసుకొచ్చి, ఆ అబ్బాయితో మాట్లాడించండి. నేనూ వస్తాను.

4. 1986 నాటి సుప్రీంకోర్టు తీర్పును ఒక పేజీ తెలుగులో రాసి ప్రతి హైస్కూలుకూ పంపండి. మర్యాదగా నిలబడి పాడని పిల్లవాడిని శిక్షించకూడదని టీచర్లందరికీ తెలియాలి.

5. రాజ్యాంగంలోని 51-ఏ లో 11 ప్రాథమిక విధులు ఉన్నాయి. జెండాను, గీతాన్ని గౌరవించాలన్న మొదటి విధిని గోడల మీద రాయిస్తున్నారు, మంచిదే. మతాలు, భాషలు, ప్రాంతాల తేడా లేకుండా సోదరభావం పెంచాలనీ, స్త్రీల గౌరవానికి భంగం కలిగించే అలవాట్లు వదలాలనీ, ప్రభుత్వ ఆస్తిని కాపాడాలనీ, హింస మానాలనీ అదే పేజీలో ఉంది. రాస్తే పదకొండూ రాయించండి.

6. ఆగస్టు 16న, జనవరి 27న ప్రతి వార్డులో పాత జెండాలు తీసుకునే పెట్టె ఒకటి పెట్టండి. ఆ పని చేసే సఫాయి కార్మికులకు గ్లవుజులు, ఆ రోజుకు అదనపు కూలి ఇవ్వండి. ప్రభుత్వ ఆఫీసుల మీద ఎగిరే జెండాలైనా ఖాదీవి కొనండి.

7. శాలువా కప్పిన రోజే మాజీ సైనికుల పెండింగ్ కాగితాలు చూసే బల్ల ఒకటి అదే మైదానంలో వేయండి.

యువజన సంఘాల తమ్ముళ్ళకు వేరేగా రెండు మాటలు. మీలో చాలామంది రక్తదాన శిబిరాలు పెడతారు, వరదలొస్తే అన్నం పొట్లాలు మోస్తారు, నాకు తెలుసు. కరోనా టైములో మా వీధికి మందులు తెచ్చింది మీరే. అప్పుడు మీరు ఏ ఇంట్లో ఎవరున్నారని అడగలేదు. మీకు దేశం మీద ప్రేమ ఉందని నేను నమ్ముతున్నాను. మెకానిక్ షాపు ముందు ఆ అబ్బాయి మూడోసారి అరిచినప్పుడు మీలో వెనక బండ్ల మీద ఉన్న కొందరు తల పక్కకు తిప్పుకోవడం నేను చూశాను. మీకు అది నచ్చలేదు. నచ్చలేదని ఆ రోజే ముందు బండివాళ్ళకు చెప్పి ఉంటే బాగుండేది. వచ్చేసారి చెప్పండి.

ప్రతిజ్ఞ నేర్పినదాన్నిగా నా తప్పు కూడా ఉంది. 32 ఏళ్ళు పిల్లల చేత ఒకే గుక్కలో చెప్పించాను. ‘ప్రతివారితోనూ మర్యాదగా నడుచుకుంటాను’ అన్నచోట ఆగి, ప్రతివారు అంటే ఎవరు, మీ ఇంటి పక్కన ఉన్నవాళ్ళ పేర్లు చెప్పండి అని ఒక్క పీరియడ్ కూడా అడగలేదు. ఎవరైనా హెచ్చెమ్ ఒప్పుకుంటే నెలకొకసారి బడికి వచ్చి ఆ పీరియడ్ తీసుకుంటాను, నాకు ఒక్క రూపాయి అక్కర్లేదు.

వచ్చే సోమవారం మూడో అర్జీ పట్టుకుని మళ్ళీ వస్తున్నాను. ఈసారి ఒక్కదాన్నే కాదు. టిఫిన్ సెంటర్‌లో పనిచేసే ఆ తల్లి ఒక పూట కూలి వదులుకుని వస్తోంది. మెకానిక్ షాపాయన షట్టర్ దించి వస్తున్నాడు, షట్టర్ పైన జెండా ఇంకా అలాగే ఉంది. మమ్మల్ని ఒక పావుగంట కూర్చోబెట్టి, ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సాంఘిక శాస్త్రం టీచర్